ప్రశ్నార్థకాల పాట

మా ఇళ్లలో తెలుగు మాట్లాడతాం, కన్నడలో రాస్తాం. ఈ మాట చెబితే ఆంధ్రా వైపు వాళ్లు రెండు భాషలూ వచ్చు కాబోలు అనుకుంటారు. అది కాదు. మాట తెలుగే, అక్షరాలు మాత్రం కన్నడవి. "వచ్చేటప్పుడు నూనె తెచ్చేది మరవొద్దు" అని మా అమ్మ చీటీ రాసిందంటే అందులో ఒక్క కన్నడ మాట ఉండదు, ఒక్క తెలుగు అక్షరం ఉండదు. కన్నడ సీమలోని చింతామణిలో పుట్టి పెరిగిన మాకు ఇంట్లో నేర్చిన భాష ఒకటి, బళ్లో దిద్దిన అక్షరాలు ఇంకొకటి. ఇందులో వింత ఏముందో నాకు చాలాకాలం తెలియలేదు. తెలుగు అక్షరాలంటే నాకు ఆంధ్రా బస్సుల నుదుటి మీద కనిపించే బొమ్మలు, అంతే. కదిరి బస్సును రంగు చూసి గుర్తుపట్టేదాన్ని.

డిగ్రీలో కంప్యూటర్లు చదువుకొని, ఉద్యోగం వచ్చేదాకా ఇంట్లో ఊరికే ఉండలేక మామ అంగట్లో కూర్చున్నాను. మామ అంటే మా అమ్మ తమ్ముడు. బస్టాండు వెనక సందులో ఆయనకు డీటీపీ అంగడి ఉండేది. పెళ్లి పత్రికలు, టమోటా మండీల రసీదు పుస్తకాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. రెండు కంప్యూటర్లు, కరెంటు పోతే కుయ్యోమని అరిచే ఒక యూపీఎస్, దానికన్నా గట్టిగా అరిచే మామ. ఆయనకు కొన్ని నియమాలుండేవి. ఒక పనికి ఒకే ఫైలు ఉండాలి. "ఒగే సరుకు రెండు మూటల్లో యెందుకు పాపా? రేపు పాతది తీసి ప్రింటేస్తే గిరాకీకి యెవరు జవాబు చెప్పాల?" అనేవాడు. కాపీలు కనిపిస్తే తుడిచేసేవాడు. ఇంకో నియమం, కంప్యూటరు ఏమడిగినా 'ఓకే' నొక్కడం. గిరాకీతోనే వాదం పెట్టుకోని మనిషి యంత్రంతో పెట్టుకుంటాడా?

ఆ రోజుల్లో మేం కన్నడ కొట్టే పద్ధతి ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. కంప్యూటర్లో అక్షరాలకు ఉన్న సీట్లు రెండు వందల యాభై ఆరు. ముందు వరసలన్నీ ఇంగ్లీషువి. వెనక మిగిలినవి ఫ్రాన్సు, స్పెయిను లాంటి దేశాలకు ఇచ్చేశారు. నెత్తిన గీత ఉన్న 'ఎ', చుక్కలు పెట్టుకున్న 'యు', కింద తోక వేలాడే 'సి', ఇలాంటివి వాళ్లకు చాలా ఉన్నాయి. మనకు సీటే లేదు. అందుకని మన ఫాంట్లు చేసినవాళ్లు ఆ దొరల సీట్లలోనే మన అక్షరాల బొమ్మలను కూర్చోబెట్టారు. ఫాంటు ఉంటే తెర మీద కన్నడ కనిపిస్తుంది. ఫాంటు లేని కంప్యూటర్లో అదే ఫైలు తెరిస్తే టోపీలు పెట్టుకున్న దొరలు బారులు తీరి కనిపిస్తారు. మా దగ్గరికి ఆ ఫైళ్లు పట్టుకొని పరిగెత్తుకొచ్చేవాళ్లు. "వైరస్ తగులుకున్యాదమ్మా" అని ఏడుపు మొహం పెట్టేవాళ్లు. ఫాంటు ఎక్కించి చూపిస్తే నేనేదో మంత్రం వేసినట్టు చూసేవాళ్లు. ఆ చూపు నాకు చాలా ఇష్టంగా ఉండేది. దాచుకోవడం ఎందుకు?

మా పెద్దమ్మ బట్లహళ్ళిలో ఉండేది. మా అమ్మకూ మామకూ పెద్దక్క. చదువు లేదు, వేలిముద్ర. కానీ చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్లయినా నలుగు పెట్టేటప్పుడు ఆమె ఉండాల్సిందే. పెళ్లికూతురికి పసుపు, పిండి రాస్తూ ఆడవాళ్లు పాడే పాటలు ఆమెకు లెక్కలేనన్ని వచ్చు. మా వైపు, మగపెళ్లివారి వైపు పోటాపోటీగా పాడతారు. పెద్దమ్మ ఉన్నవైపు ఓడేది లేదు. వియ్యపురాలి మూతి మీద, వియ్యంకుడి పొట్ట మీద ఆమె కట్టే చరణాలకు పెళ్లివారు కూడా పొట్ట పట్టుకొని నవ్వేవాళ్లు.

ఆ పెద్దమ్మ గొంతులో గడ్డ లేచింది. బెంగళూరులో చూపిస్తే డాక్టర్లు ఆపరేషన్ చేయాలన్నారు, ప్రాణం నిలుస్తుంది, గొంతు పోతుంది అన్నారు. సరిగ్గా అప్పుడే ఆమె ఒక్కగానొక్క కూతురికి, అంటే మా అక్కకు, కదిరి సంబంధం కుదిరింది. అక్క బాగేపల్లిలో ఒక బళ్లో టీచరు.

ఆపరేషన్‌కు ముందు పెద్దమ్మ మా అంగడికి వచ్చి నా పక్కన స్టూలు లాక్కొని కూర్చుంది.

"నా పాటలన్నీ దీంట్లో కొట్టు పాపా. గొంతు పోయేలోపల కొట్టు."

"కొడతా పెద్దమ్మా. పెళ్లిలో అందరికీ పుస్తకం పంచుదాం."

"ఊరికే కన్నడంలో కొడితే చాలదు. నా పాటలు నా బిడ్డ యెంట కదిరికి పోవాల. దాని బిడ్డలు తెలుగు బడికే గదా పోయేది? వాళ్లకు కన్నడ అక్షరాలు యాడ వస్తాయి? తెలుగు అక్షరాల్లో గూడా ఉండాల."

ఇంకా పెళ్లి కాని కూతురికి పుట్టబోయే పిల్లలు ఏ బడికి పోతారో, ఏ అక్షరాలు చదువుతారో ఆమె అప్పటికే ఆలోచించి పెట్టుకుంది. చదువుకున్న మాకెవరికీ తట్టలేదు. నేను ముందూ వెనకా చూడకుండా సరేనన్నాను. నాకే తెలుగు చదవడం రాదనే సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

మధ్యాహ్నాలు ఆమె సన్నగా పాడేది, నేను కన్నడ ఫాంటులో కొట్టేదాన్ని. జెరాక్సుకు వచ్చినవాళ్లు కాగితాలు చేతపట్టుకొని అలాగే నిలబడిపోయేవాళ్లు. "మెల్లిగా కొట్టు పాపా, నీ టకటక నా తాళానికి అడ్డమొస్తాండాది" అని కసిరేది. మామ మాత్రం మొహం కంప్యూటరులో పెట్టుకొని ఏమీ విననట్టు ఉండేవాడు. మగవాళ్లకు నలుగు పాటలతో పనేముంది?

చివరి రోజు మామ బయటికి పోయి, అంగట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు కొత్త పాట పాడింది. అది ఎవరి దగ్గరా నేర్చింది కాదు, కూతురి కోసం తనే కట్టింది. గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ పాడింది. నేను తల వంచుకొని కొడుతూనే ఉన్నాను. టైపు చేసేవాళ్లకు ఇదో పాడు రోగం. వేళ్లు అక్షరాలు పట్టుకుంటాయి, మనసు వేరే చోట ఉంటుంది. పాట అయిపోగానే ఆమె కొంగుతో మొహం తుడుచుకొని, కాఫీ చెప్పమంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. పెద్దమ్మ బతికింది, మాట పోయింది. గుసగుస కూడా రాదు. పెదవులు మాత్రం ఎప్పటిలాగే కదిలేవి. చెయ్యీ, కళ్లూ, పెదవులూ కలిపి మునుపటికన్నా ఎక్కువే మాట్లాడేది. ఇంట్లో అందరం నవ్వుతూనే ఉన్నాం గానీ ఆమె పెదవులు కదిలి శబ్దం రానప్పుడల్లా నేను తల తిప్పుకొనేదాన్ని.

ఇక నా పని మిగిలింది. అప్పటికి కంప్యూటర్లలోకి యూనికోడ్ వచ్చింది. అందులో ప్రపంచంలోని అక్షరాలన్నిటికీ సొంత ఇల్లు, ఇంటికో నంబరు ఉన్నాయి. దొరల సీట్లలో దొంగతనంగా కూర్చునే అవసరం లేదు. నేను రెండు పెట్టెలున్న ఒక పేజీ తయారుచేసుకున్నాను. పై పెట్టెలో పాత టోపీల అక్షరాలు వేసి మీట నొక్కితే, కింది పెట్టెలో యూనికోడ్ కన్నడ రావాలి. ఏ టోపీ కింద మన అక్షరం ఏదుందో ఒక్కొక్కటీ వెతికి ప్రోగ్రాములో రాసుకున్నాను. ఒక్కో అక్షరం రెండు మూడు ముక్కలుగా ఉండేది. దీర్ఘం ఒక చోట, ఒత్తు ఇంకో చోట. ఒకసారి 'అమ్మ' అని వేస్తే 'మ'లన్నీ ఒత్తులై కింద వేలాడాయి.

ఒకరోజు పాటలన్నీ తప్పు లేకుండా మారాయి. నోట్‌ప్యాడులో పాటల పాత ఫైలు తెరిచి, ఉన్నదంతా చెరిపి, అదే ఫైల్లో కొత్త అక్షరాలు పోశాను. మామ నియమం ప్రకారం ఒక పనికి ఒకే ఫైలు కదా. ఏ ఫాంటూ ఎక్కించకుండానే కన్నడ నిలబడింది. ఆ సంతోషంలో సేవ్ చేసేముందు పక్కింటి హోటలుకు కాఫీ చెప్పడానికి పోయాను.

కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యోమంది. దానికి బ్యాటరీ చచ్చి, ఊపిరి ఎక్కువసేపు ఆగదు. మామ నా కుర్చీలోకి దూకి సేవ్ నొక్కాడు. కంప్యూటరు ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఇవి కొత్త అక్షరాలు, పాత పద్ధతిలో దాస్తే పోతాయి, సరేనా అని దాని ప్రశ్న. మామ ఓకే నొక్కాడు. కంప్యూటరు ఆపేశాడు. నేను కాఫీ గ్లాసులతో వచ్చేసరికి "నీ పాటలు కాపాడినా పాపా" అని మీసం సవరించుకున్నాడు.

కరెంటు వచ్చాక ఫైలు తెరిచాను.

????? ???? ????????

మొదటి నుంచి చివరిదాకా అదే. పాత పద్ధతికి తెలియని ప్రతి అక్షరాన్నీ తుడిచి దాని చోట ఒక ప్రశ్నార్థకం పెట్టింది. టోపీల అక్షరాలైతే నయం, వాటి వెనక మనవాళ్లు ఉంటారు. ప్రశ్నార్థకం వెనక ఎవరూ ఉండరు. పాత ఫ్లాపీ ఒకటి ఉందని గుర్తొచ్చి వేసి చూస్తే అది బూజు పట్టి చదవలేదు. తెలుగు కూడా వచ్చాక ఒకేసారి వేద్దామని ప్రింటు తీయనే లేదు.

మామ మొహంలో నెత్తురు లేదు. "పోనీలే పాపా, మల్లా కొడదాం. అక్కను పిలుచుకొచ్చి మల్లా పాడమని..." అంటూ ఆగిపోయాడు. ఆ సాయంత్రం ఆయన అంగడి షట్టరు వేస్తూ ఏడవడం చూశాను. తన అక్క పాటలను చంపేశానని ఇంటికొచ్చి అమ్మ దగ్గర కూడా ఏడ్చాడు. నాకు ఆయన మీద పట్టరాని కోపం, ఆయన్ని చూస్తే అంతకు మించిన జాలి.

పెద్దమ్మ మరుసటి రోజు వచ్చింది. మామ చెప్పలేక బయట నిలబడ్డాడు. నేనే చెప్పాను. ఆమె తెర వైపు చాలాసేపు చూసింది. తర్వాత వేలు చాపి ఒక ప్రశ్నార్థకాన్ని తాకి, ఇదేమిటన్నట్టు చెయ్యి తిప్పింది.

"అక్షరం ఉన్న చోటు పెద్దమ్మా. అక్షరం పోయింది. చోటు మాత్రం ఉంది."

ఆ మాట నా నోటి నుంచి వచ్చాకే నాకు బుర్ర వెలిగింది. ఖాళీలు పోలేదు, పంక్తులు పోలేదు. ప్రతి మాటా ఎంత పొడవో అలాగే ఉంది. ఎవరైనా ఒక పంక్తి గుర్తు తెచ్చుకుంటే, దాన్ని కొట్టి పొడవు సరిపోయిందో లేదో కంప్యూటరునే అడగవచ్చు. ఆ మాట చెప్పగానే పెద్దమ్మ గోటితో బల్ల మీద తాళం మొదలుపెట్టింది. పెదవులు కదిలాయి. అది మొదటి పాట.

పెదవులు చదవడం సులభం కాదు. ప, బ, మ మూడూ పెదవుల మీద ఒకేలా ఉంటాయి. గొంతులో పుట్టే అక్షరాలు అసలు కనిపించవు. మామ జీపు మాట్లాడి బట్లహళ్ళి నుంచి పెద్దమ్మతో పాడే ఆడవాళ్లను తీసుకొచ్చాడు. గిరాకీలను వెనక్కి పంపి అంగడి వాళ్లకే ఇచ్చేశాడు. పెద్దమ్మ పెదవులు కదిలిస్తుంది, వీళ్లు ఊహిస్తారు, నేను కొడతాను. పొడవు సరిపోతే పచ్చ రంగు, లేకపోతే ఎరుపు. వాళ్లు కంప్యూటరుకు 'అత్త' అని పేరు పెట్టారు. "అత్త ఒప్పుకొన్యాదా?" అని అడగడం, ఎరుపు వస్తే "దీని మొహం మండ, దీనికి యేం చేసినా నచ్చదు" అని తిట్టడం. పచ్చ వస్తే అందరూ కలిసి ఆ పంక్తి పాడేవాళ్లు. సందులో జనం గుమిగూడేవాళ్లు. నా జీవితంలో నేను రాసిన ఏ ప్రోగ్రాముకూ అంత గోల, అంత మర్యాద మళ్లీ దక్కలేదు.

ఒక పాట దగ్గర అందరూ ఆగిపోయారు. మొదటి పంక్తి "పసుపు దంచే రోలు మా ఇంటిదమ్మా" అని దొరికింది, రెండోది ఎవరికీ రావడం లేదు. పెద్దమ్మ పెదవులు కదిలించి కదిలించి అలసిపోయింది. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి సన్నగా వినిపించింది.

"పసుపు రాసే చెయ్యి మీ ఇంటిదమ్మా..."

మామ. గోడ వైపు తిరిగి, చెవులు ఎర్రగా చేసుకొని పాడుతున్నాడు. చిన్నప్పుడు తన అక్క చంకనెక్కి పెళ్లిళ్లకు పోయినవాడు, ఎప్పుడు నేర్చాడో, ఎన్నేళ్లు దాచాడో. ఆడవాళ్లు ఒక్క క్షణం నోళ్లు తెరిచి చూశారు. నేను కొట్టాను. పచ్చ. పెద్దమ్మ లేచి పోయి తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది. అది కొట్టడమో, ముద్దు చేయడమో నాకైతే తెలియదు గానీ మామ ఆ రోజు నుంచి మామూలు మనిషయ్యాడు.

అలా పాటలన్నీ తిరిగొచ్చాయి. కూతురి కోసం కట్టిన పాట మిగిలింది. అది పెద్దమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె పెదవులు చూసి ఒక్కో మాటా పట్టుకొచ్చాం.

వాకిట ముగ్గేసి వంక దాటేవా, ????
వంక నీళ్లలో నీ నీడ ఉంచి పోవా, ????

ఆ నాలుగు ప్రశ్నార్థకాల దగ్గర ఆగిపోయాం. ఎన్ని మాటలు చెప్పినా పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. తల్లీ కాదు, బిడ్డా కాదు, చిలకా కాదు. చివరికి ఒడిలో చంటిబిడ్డను ఊపుతున్నట్టు చేతులు ఊపి చూపించింది. అప్పుడు అర్థమైంది. అక్క పసిగుడ్డుగా ఉన్నప్పుడు పాలిస్తూ పిలిచిన పిలుపు అది. ఏ భాషలోనూ లేని మాట. తల్లి నోటికొచ్చినట్టు పిలుచుకున్న మాట. దాన్ని ఎవరు ఊహించగలరు? ఆ పాట విన్నదాన్ని నేనొక్కదాన్నే. ఈ వేళ్లతోనే కొట్టాను. ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

అక్కను అడుగుదామన్నాను. పెద్దమ్మ వద్దన్నట్టు నా చేతి మీద చెయ్యి వేసింది. తర్వాత అరచేతితో ఆ ప్రశ్నార్థకాలను కప్పి, ఉండనీ అన్నట్టు తలాడించింది.

తెలుగు అక్షరాల పని ఆశ్చర్యపోయేంత సులభంగా అయింది. యూనికోడ్‌లో తెలుగు, కన్నడ పక్కపక్క వీధులు. ఒకే వరసలో కట్టిన ఇళ్లు. కన్నడ 'క' ఇంటి నంబరులోంచి నూట ఇరవై ఎనిమిది తీసేస్తే తెలుగు 'క' ఇల్లు వస్తుంది. 'మ'కూ అంతే, దీర్ఘాలకూ, ఒత్తులకూ అంతే. ఒక్క తీసివేతతో పాటలన్నీ వీధి మారాయి. తెర నిండా తెలుగు. నాకు ఒక్క ముక్క చదవడం రాదు. నా భాష నేనే రాశాను, నేనే చదవలేను. నవ్వొచ్చింది, సిగ్గేసింది. పెళ్లి పనుల మీద బాగేపల్లి వచ్చిన, అక్కకు కాబోయే అత్తగారికి కాగితాలు చూపించి చదవమన్నాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకొని గడగడా చదివేసింది. "ఇందులో మీకు రానిది యేముండాది అమ్మణ్ణీ?" అని నన్నే అడిగింది. ఆ పుస్తకం పెట్టుకొనే నేను తరువాత తెలుగు చదవడం నేర్చుకున్నాను.

పుస్తకం చిక్కబళ్ళాపురంలో అచ్చుకిచ్చాం. ఎడమ పేజీ కన్నడ అక్షరాలు, కుడి పేజీ తెలుగు. ప్రెస్సాయన ఫోన్ చేసి చివరి పాటలో ప్రశ్నార్థకాలు తప్పుగా పడ్డాయి, తీసేయమంటారా అని అడిగాడు. "తీసేసేది లేదప్పా! ఉన్నవి ఉన్నట్టే ఎయ్యి!" అని మామ ఫోన్ అదిరేలా అరిచాడు. ఓకే అనకుండా ఆయన అడ్డం చెప్పడం నేను చూసింది అదే మొదటిసారి.

బాగేపల్లి ఛత్రంలో, అంటే పెళ్లిళ్ల సత్రంలో, నలుగు పెట్టారు. అక్క పసుపు మొహంతో పీట మీద కూర్చుంది. మా వైపు వాళ్లు ఎడమ పేజీ, వాళ్ల వైపు వాళ్లు కుడి పేజీ చూస్తూ పోటీ మరిచి ఒక్కటిగా పాడారు. చివరి పాట వచ్చింది. "వాకిట ముగ్గేసి వంక దాటేవా" అన్నారు. ప్రశ్నార్థకాల దగ్గర రెండు వైపులా గొంతులు ఆగిపోయాయి. పెద్దమ్మ అక్క ఎదురుగా కూర్చొని ఉంది. ఆమె పెదవులు కదిలాయి. అక్క ఆ పెదవుల వైపే చూస్తోంది. చూసి, చిన్నపిల్లలా పెద్దగా ఏడ్చేసింది. నాకు ఏమీ వినిపించలేదు, ఎవరికీ వినిపించలేదు. తర్వాత ఆ మాట ఏమిటని అక్కను అడిగాను. చెప్పలేదు. చెప్పమని మళ్లీ అడగలేదు.

పెద్దమ్మ పోయి చాలాకాలమైంది. మామ అంగడి ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి. ఫోనులో తెలుగు, కన్నడ ఏది కావాలంటే అది రాస్తున్నాం, ఫాంటు అనే మాటే ఎవరికీ పట్టదు. టోపీలు పెట్టుకున్న ఆ దొరలు ఎక్కడైనా కనిపిస్తే మాత్రం నాకు ఇప్పటికీ పాత స్నేహితులను చూసినట్టే ఉంటుంది.

ఈమధ్య కదిరి పోయినప్పుడు అక్క కూతురు ఇంటి వసారాలో కూర్చొని ఆ పాట పాడుతోంది. పుస్తకం లేదు, నోటికే వచ్చు. "వాకిట ముగ్గేసి వంక దాటేవా" అని, ఆగింది. తాళం మాత్రం వేలితో వేస్తూ, ఆ కాస్త జాగా వదిలి, మళ్లీ ఎత్తుకుంది. ఆ పిల్ల పుట్టేసరికే వాళ్ల అవ్వకు, అంటే మా పెద్దమ్మకు, గొంతు లేదు. అక్కడ ఎందుకు ఆగావని అడిగాను.

"ఆడ అవ్వ పాడతాది చిన్నమ్మా" అంది. "మనం ఊరికే ఉండాల."